ఇవాళ వినపడింది, ఎల్వుడ్!

మే నెల మొదలు అక్టోబరు చివరిదాకా, రోజూ పావుతక్కువ పదికి నేను రెండు సీసాల్లో నీళ్ళు నింపేదాన్ని. రెండు రొట్టెముక్కల మధ్య పందిమాంసం, ఆవాల ముద్ద పెట్టి కాగితంలో చుట్టి, సీసాలతో పాటు వెనక వాకిలి మెట్టు మీద పెట్టేదాన్ని. పది కొట్టేసరికి మా అక్క లియోనా సైకిల్ మీద వచ్చేది. దిగేది కాదు. ఒక కాలు మెట్టుకి ఆనించి, అన్నీ ముందు బుట్టలో వేసుకుని, "వస్తానే" అని వెళ్ళిపోయేది. పదకొండేళ్ళు ఇదే వరస. ఇప్పుడు ఆ వేళకి వంటింట్లో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కట్టేసిన కుళాయినే మళ్ళీ కడుతున్నాను. మంగళవారం తెల్లారేసరికి అక్క నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. అరవై తొమ్మిదేళ్ళు.

అక్క ఎందుకు సైకిల్ తొక్కిందో ఊళ్ళో అందరికీ తెలుసు. పైకి మాత్రం "లియోనాకి వ్యాయామం పిచ్చి" అనేవాళ్ళు. అది వ్యాయామం కాదు. ఒక మనిషి నోటి నుంచి ఒక్క మాట రాబట్టడానికి తొక్కింది. ఆ మాట రాకుండానే పోయింది.

పెన్సిల్వేనియాలో బొగ్గు అయిపోయిన ఊళ్ళలో మాదీ ఒకటి. ఒకప్పుడు నది పక్కన రెండు వరసల పట్టాలుండేవి. గనులు మూతపడ్డాక ఒక వరస పీకేసి, దాని మీద రాతిపొడి పరిచి సైకిళ్ళ దారి చేశారు. పీకినవాళ్ళలో మా బావ వాసిల్ ఒకడు. మిగిలిన వరస మీద ఇప్పుడు చూడ్డానికొచ్చే జనం కోసం ఆవిరి బండి నడుపుతారు. జనం బండి మీద తమ సైకిళ్ళు కూడా వేసుకుని పై స్టేషన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నది వెంట తొక్కుకుంటూ దిగి వస్తారు. మా ఊరు బతికేది ఆ బండి మీదే. రొట్టెల దుకాణం, రెండు హోటళ్ళు, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు, అన్నీ దాని మీదే.

బావ ఉద్యోగం మానేశాక ఆ దారికి తనే కాపలాదారు అయిపోయాడు. ఎవరూ పెట్టలేదు. సైకిల్ వెనక రంపం కట్టుకుని పొద్దున్నే బయల్దేరి, విరిగిపడ్డ కొమ్మలు కోసి, తూములకి అడ్డం పడ్డ ఆకులు తీసి వచ్చేవాడు. ఊరికి ఏడు మైళ్ళ పైన క్రైడర్ మలుపు ఉంది. అక్కడ సైకిళ్ళ దారి పట్టాల్ని దాటి అవతలి పక్కకి వెళుతుంది. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క నది. నది అక్కడ రాళ్ళ మీద పడి హోరెత్తుతుంది కాబట్టి, మలుపు తిరిగి మీదికొచ్చేదాకా బండి చప్పుడు తెలియదు. కూత ఒక్కటే ఆ హోరుని దాటుకుని వినపడుతుంది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ ఒకటి పొడుగు. అక్కడ 'దిగి నడవండి' అని బోర్డు రాసి పాతింది బావే. తను కూడా ఒక్కరోజు దిగకుండా దాటలేదు.

ఆ మలుపుకి ఎదురుగా గుట్ట మీద మా చర్చి, చర్చి పక్కన సమాధుల తోట. బొగ్గు రోజుల నుంచీ ఒక మర్యాద ఉంది. గుట్ట మీద శవాన్ని పూడ్చేటప్పుడు బండి కూత వెయ్యదు. ఇంజన్ గంట మాత్రం మెల్లగా కొట్టుకుంటూ పోతుంది. ఆ రోజుల్లో గనిలో పోయినవాళ్ళని వారానికొకరిని పూడ్చేవాళ్ళట. కన్నతల్లి ఏడుపు మీద కూత పడకూడదని ఏ డ్రైవరో మొదలెట్టాడు, మిగతావాళ్ళు పాటించారు. మలుపుకి ముందున్న తిన్నని దారిలోంచి చూస్తే గుట్ట మీద చర్చి వాకిలి కనిపిస్తుంది. శవాల బండి నిలబడి ఉంటే డ్రైవరు కూత తాడు లాగకుండా వదిలేసేవాడు. అంతే, చెప్పేవాళ్ళూ రాసేవాళ్ళూ ఎవరూ ఉండేవారు కాదు.

పదకొండేళ్ళ కిందట అక్టోబరులో ఒక శుక్రవారం. శుక్రవారాలు మా చర్చి ఆడవాళ్ళం కింది గదిలో కూర్చుని బంగాళదుంప కూరిన పిరోగీలు చేసి అమ్ముతాం. చర్చి మరమ్మతులన్నీ వాటి మీదే. ఆకులు రంగు తిరిగే రోజులు కావడంతో వాకిలి నిండా కార్లే. అంత్యక్రియలు చేయించే హుడాక్‌కి ఆ రోజు సొంత కారు రిపేరుకెళ్ళింది. ఆరు డజన్ల పిరోగీల కోసం శవాల బండి వేసుకుని వచ్చి గుమ్మం ముందే ఆపాడు. మేం పగలబడి నవ్వాం. "ఎవరి కోసమయ్యా, డొలోరెస్ కోసమా?" అని ఎవరో అడిగితే, వంటగదికి పెద్దయిన డొలోరెస్ చేతిలోని గరిటె చూపించి, "నన్ను ఎక్కించాలంటే ఇంకో రెండు బండ్లు తేవాలి" అంది.

ఆకుల కోసం వచ్చిన జనం రద్దీతో పదిన్నర బండి ఆలస్యంగా బయల్దేరింది. డ్రైవరు ఎల్వుడ్. తిన్నని దారిలోంచి తలెత్తి చూశాడు. శవాల బండి కనపడింది, వాకిలి నిండా కార్లు కనపడ్డాయి. తాడు వదిలేశాడు. కింద మలుపు దగ్గర బావ సైకిల్ దిగి నిలబడ్డాడు. చెవి పెట్టాడు. కూత రాలేదు కాబట్టి బండి ఇంకా దూరంగా ఉందనుకున్నాడు. సైకిల్ నడిపించుకుంటూ పట్టాల మీదికి అడుగు పెట్టాడు.

ఎల్వుడ్ చెడ్డవాడు కాడు. ఆ పూట అతను చేసింది మర్యాదే. అక్కడే ఆగి, "శవాల బండి చూసి మోసపోయాను, కూత వెయ్యలేదు" అని ఉంటే మా అక్క ఏడ్చి, ఏడ్చి, ఎప్పటికో ఒకప్పటికి అతని ఇంటికి సూప్ పంపేది. ఆమె అలాంటి మనిషే. కానీ విచారణకొచ్చిన ఆఫీసరు ముందు ఎల్వుడ్ కూత వేశానన్నాడు. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, బోర్డు దగ్గరే వేశానన్నాడు.

ఆఫీసరు చర్చి కింది గదికి వచ్చి మమ్మల్ని వరసగా అడిగాడు. డొలోరెస్ విన్నానంది. ఆమె పక్కనున్నావిడ విన్నానంది. అలా వస్తూ వస్తూ నా దగ్గరికి వచ్చింది. కూత పడితే ఆ గదిలో కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఆరబెట్టిన పళ్ళాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ రోజు ఏ పళ్ళెమూ కదల్లేదు. నాకు తెలుసు. కానీ మా ఆయన రసెల్ అప్పుడు ఆ స్టేషన్‌లోనే టికెట్లు ఇచ్చేవాడు. బల్ల చుట్టూ పదకొండు మంది నా మొహం చూస్తున్నారు.

"విన్నట్టే ఉంది" అన్నాను.

కాగితం వచ్చింది. కూత వేసినప్పటికీ సైకిల్ మీద వచ్చిన వ్యక్తి హెచ్చరికను లెక్కచేయక అజాగ్రత్తగా దాటబోయాడని రాశారు. బోర్డు రాసి పాతిన మనిషి అజాగ్రత్త! అక్క ఆ కాగితం పట్టుకుని మా వంటింటికి వచ్చింది. నిలబడే నా ముందు పరిచి వేలు పెట్టింది.

"ఇక్కడ నీ పేరుంది."

నేను తలెత్తలేదు.

"నీ చెవులు బాగానే ఉన్నాయా, ఓల్గా?"

"బాగానే ఉన్నాయక్కా."

"సరే. అయితే రేపట్నుంచి నాకు సైకిల్ నేర్పు."

అప్పటికి అక్కకి యాభై ఎనిమిది. చొక్కాల మిల్లులో ముప్ఫై ఏళ్ళు కాలర్లు కుట్టిన మనిషి. కుట్టు మిషను తొక్కడం తప్ప ఇంకేదీ తొక్కి ఎరగదు. బావ సైకిలే బాగుచేయించింది. సీటు కిందికి దించినా కాళ్ళు అందేవి కావు. చర్చి వాకిట్లోనే నేర్చుకుంది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"వదలకు."

"వదల్లేదక్కా, ముందు చూడు."

"నీ గొంతు దూరంగా వినపడుతోందేంటే? వదిలేశావు కదే, దొంగముండా!"

అప్పటికే వెళ్ళి సమాధుల తోట గోడకి గుద్దుకుంది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి గడ్డిలో వెల్లకిలా పడి ఉంది. "ఇంకాస్త ఊపుగా వచ్చి ఉంటే నేరుగా మీ బావ పక్కనే దిగేదాన్ని" అని నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

మే నెలలో మొదటి బండి రోజున అక్క స్టేషన్ చివర, దారి మీద, ఒక కాలు నేలకానించి నిలబడింది. బండి కదిలింది, అక్కా కదిలింది. ఎక్కే దారి కాబట్టి బండి పది పన్నెండు మైళ్ళ వేగం దాటదు. సైకిల్ తొక్కేవాళ్ళకి కష్టమే కానీ అందని వేగం కాదు. ఆ మొదటి వేసవి సగం దారిలోనే వెనకబడేది. రెండో ఏడు నుంచి ఇంజన్ కిటికీకి సరిగ్గా పక్కన ఉండేది. ఏడు మైళ్ళూ తల అటు తిప్పి ఎల్వుడ్ మొహమే చూసేది. పెట్టెల్లో పిల్లలు చేతులూపేవాళ్ళు. ఆమె ఊపేది కాదు. క్రైడర్ మలుపు రాగానే ఆగి, దిగి, బావ రాసిన బోర్డు పక్కన నిలబడేది. ఎల్వుడ్ కూత వేసేవాడు. వెయ్యక తప్పదు కదా! అక్క నాలుగూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, గొంతెత్తి అరిచేది.

"ఇవాళ వినపడింది, ఎల్వుడ్!"

రోజూ ఆ ఒక్క మాటే. తిట్టేది కాదు, శపించేది కాదు. పెట్టెల్లో జనానికి ఇదంతా చూపించడానికి పెట్టిన ఆటలా ఉండేది. చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక ఏడు స్టేషన్‌లో అమ్మే కార్డుల మీద ఇంజన్ బొమ్మ పక్కన సైకిల్ మీద అక్క బొమ్మ కూడా పడింది. అక్క ఒకటి కొనుక్కొచ్చి, క్రిస్మస్‌కి ఎల్వుడ్ పేర పోస్టు చేసింది. వెనక ఏం రాశావని అడిగాను.

"పండగ శుభాకాంక్షలే రాశాను. కింద, 'వచ్చే మే దాకా చెవులు దాచిపెట్టుకుంటాను' అని చేర్చాను."

రైలువాళ్ళు పార్కు గార్డుని పంపారు. పరాయివాడేం కాదు, మా దూరపు చుట్టమే.

"లియోనా అత్తా, అతనికి ఇబ్బందిగా ఉందంటున్నారు."

"దారి ఎవరిది నాయనా?"

"అందరిదీ."

"అందర్లో నేను లేనా?"

అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎల్వుడ్ పొద్దుటి బండి మానేసి మధ్యాహ్నం బండి తీసుకున్నాడు. అక్క మధ్యాహ్నానికి మారింది. అతను మళ్ళీ పొద్దుటికి వచ్చాడు. నా రొట్టెలూ మళ్ళీ పొద్దుటి వేళకే మారాయి. ఎల్వుడ్‌కి ఆ ఏళ్ళలో జుట్టంతా ఊడిపోయింది, నిద్రమాత్రలు వాడేవాడట. ఆ సంగతి చెబితే అక్క రొట్టె నములుతూ, "పాపం" అంది. ఆ 'పాపం'లో పిసరంత జాలి లేదు.

ఆరో ఏడు అనుకుంటాను, పై స్టేషన్ దాకా కూడా వెళ్ళింది. అక్కడ ఇంజన్‌కి నీళ్ళు పట్టేటప్పుడు ఎల్వుడ్ కిందికి దిగి దగ్గరికొచ్చాడట. అక్క నాకు పొల్లు పోకుండా చెప్పింది.

"ఇంకెన్నాళ్ళు, లియోనా?"

"కూత వెయ్యలేదని నువ్వు చెప్పేదాకా."

"చెబితే వాసిల్ తిరిగొస్తాడా?"

"వాసిల్ రాడు. వాసిల్ పేరొస్తుంది. ఆ కాగితంలో అజాగ్రత్త అని ఉంది. నలభై ఏళ్ళు అతనితో కాపురం చేశాను, పొయ్యి ఆర్పామా లేదా అని రెండుసార్లు లేచి చూసే మనిషి."

"నాకూ కుటుంబముంది."

"నాకుండేది."

ఎల్వుడ్ ఇంజన్ ఎక్కేశాడు.

నేనూ ఒకసారి అన్నాను, వెళ్ళి నా మాట మార్చుకుంటానక్కా అని. ఆమె సైకిల్ గొలుసుకి నూనె వేస్తోంది. "నువ్వు వినలేదంటే, పెద్దదానివి, చెవుడు వచ్చిందంటారు. వెయ్యలేదని వేసేవాడే చెప్పాలి. నువ్వు రొట్టెలు చెయ్యి." అంతకు మించి ఎన్నడూ నన్నొక మాట అనలేదు. అనకపోవడమే నాకు పదకొండేళ్ళ శిక్ష. రోజూ నా చేతి రొట్టె తిని, రోజూ ఆ బోర్డు దగ్గర నేను విన్నానన్న దాన్ని విని వచ్చేది.

బావ పోయిన మరుసటి నెలే రైలువాళ్ళు పద్ధతి మార్చారు. డ్రైవరు కళ్ళతో చూసి నిర్ణయించుకోకూడదు. గుట్ట మీద ఎవరినైనా పూడ్చేది ఉంటే, ముందురోజు నాలుగు గంటల లోపల చర్చి తరఫు నుంచి స్టేషన్‌కి ఫోన్ రావాలి. వాళ్ళు చీటీ రాసి స్టేషన్ గోడకున్న చెక్కపలక మీద గుచ్చుతారు. చీటీ ఉంటే కూత వద్దు. చీటీ లేకపోతే కూత వెయ్యాల్సిందే, వెయ్యకపోతే డ్రైవరు పని పోతుంది. "తప్పు జరగకపోతే పద్ధతెందుకు మార్చారే?" అని అక్క అడిగేది. ఆ ఫోన్ చేసే పని ఫాదర్ నాకు అప్పగించారు. స్టేషన్‌వాళ్ళు నా గొంతు తప్ప ఇంకొకరి గొంతు ఒప్పుకోరు. పదకొండేళ్ళలో నేను మరిచిన ఫోన్ ఒక్కటీ లేదు.

నిన్న, బుధవారం, ఎల్వుడ్ మా ఇంటికొచ్చాడు. చేతిలో కేకు. ఈ అక్టోబరుతో తను ఇంజన్ దిగిపోతున్నాడు. గుమ్మం దాటకుండా, టోపీ రెండు చేతులతో తిప్పుతూ నిలబడ్డాడు.

"శుక్రవారం పదిన్నర బండి నాదే, ఓల్గా. ఆ వేళకే కదా పూడ్చేది."

"ఆ వేళకే."

"గంట మాత్రమే కొడతాను. మెల్లగా, నడక వేగంతో తీసుకెళతాను. ఆ మర్యాద నా చేత్తోనే ఆమెకి చెయ్యాలని ఉంది."

మంచి మాటే. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎల్వుడ్, ఆ రోజు కూత వేశావా?"

అతను నది వైపు చూశాడు. "పోయినవాళ్ళ ముందు ఇప్పుడెందుకు ఇవన్నీ?"

"పోయినవాళ్ళ ముందే అడుగుతున్నా. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. వేశావా?"

"కేకు లోపల పెట్టు, చీమలు పడతాయి" అని మెట్లు దిగిపోయాడు.

ఇవాళ మూడింటికి డొలోరెస్ ఫోన్ చేసింది. ఇప్పుడామెకి ఎనభై దాటాయి, గొంతు మాత్రం అదే.

"రేపు భోజనాలకి పందిమాంసం నేను తెస్తున్నా, నూడుల్స్ నువ్వు. స్టేషన్‌కి చెప్పేశావా?"

"ఇంకా లేదు."

"మరిచిపోయేవు. లియోనా మీద కూత పడితే బాగుండదే."

"డొలోరెస్, ఆ రోజు నిజంగా విన్నావా?"

"అందరూ విన్నారు కదే" అంది. పెట్టేసింది.

రేపు పదిన్నర దాటాక అక్క శవపెట్టె పక్కన ఊరు ఊరంతా ఉంటుంది. ఆ రోజు విన్నామన్నవాళ్ళలో బతికున్న తొమ్మిది మందీ ఉంటారు. పలక మీద చీటీ లేకపోతే ఎల్వుడ్ కూత వెయ్యాలి. వేస్తే, ఆ గుట్ట మీద కూత అంటే ఏమిటో, అది వినపడితే మనిషి ఎలా ఉలిక్కిపడతాడో తొమ్మిది మందికీ గుర్తొస్తుంది. 'విన్నట్టే ఉంది' అనడానికి వీల్లేని చప్పుడది. వెయ్యకపోతే, వెయ్యాల్సిన చోట వెయ్యకుండా పోయాడని చెప్పడానికి రెండు వందల మంది సాక్షులుంటారు, వాళ్ళలో ముందు నేనుంటాను. ఈసారి నా చెవులు బాగా పనిచేస్తాయి. అక్క మీద కూత పడుతుంది, నిజమే. కానీ ఆమె ఏనాడూ నిశ్శబ్దం అడగలేదు.

రసెల్ మోకాళ్ళ నొప్పులతో ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. నాలుగుకి పది నిమిషాలుండగా కర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఓల్గా, టైము చూశావా?"

"చూశాను."

"నంబరు నేను తిప్పనా? మాట్లాడ్డం నువ్వు మాట్లాడుదువుగాని."

"వద్దు."

నా వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు ఆ స్టేషన్‌లో పనిచేసిన మనిషి, నేనేం చేస్తున్నానో అతనికి తెలియకుండా ఉంటుందా. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం బల్లకి చెరోపక్క. నూడుల్స్ కోసం కోస్తున్న క్యాబేజీ సగంలో ఉంది. నేను కత్తి తీసుకుని మిగతా సగం కోశాను. నాలుగయింది. రసెల్ నిట్టూర్చాడు. నాలుగూ అయిదు నిమిషాలు. ఉల్లిపాయలు తీసుకుని ఒలవడం మొదలెట్టాను. స్టేషన్‌కి ఫోన్ చెయ్యలేదు.